మూడో ఎనిమిది

నంద్యాల,
9 జూన్ 2024.

మామా,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం బతికే ఉన్నాం. ఫోన్లో నేను "బేస్" అంటే నువ్వు "కేసా? ఎవరి మీద పెట్టినార్‌మే?" అని అరిచావు. పాతికేళ్లు డ్రమ్ములు వాయిస్తూ ఇత్తడి సింబల్స్ పక్కన కూర్చుని కుడి చెవి పోగొట్టుకున్నవాడితో ఫోన్లో సంగీతం మాట్లాడటం నా బుద్ధి తక్కువ. అందుకే కాగితం.

సంగతేమిటంటే, చర్చిలో యూత్ వాళ్లతో వాయించే నా బేస్ గిటార్‌కు ప్రమోషన్ వచ్చింది. రుద్రవరం నుంచి శ్రీకాంత్ అని ఒకడు దిగాడు. వాళ్లింట్లో ట్రాక్టర్లు మూడు, సాక్సోఫోన్లు రెండు. చెన్నైలో రెండేళ్లు నేర్చుకుని వచ్చి, నంద్యాలకు జాజ్ తెస్తానంటున్నాడు. ఇక్కడ సాక్సోఫోన్ అంటే పెళ్లిబ్యాండులో గుర్రం ముందు నడిచేది. కీబోర్డుకు మన చర్చి ప్రదీప్, డ్రమ్ములకు దేవరాజు, బేస్‌కు నేను. పగలంతా విత్తనాల ల్యాబులో పత్తి మొలకలు లెక్కపెడతాను, సాయంత్రం దెబ్బలు లెక్కపెడుతున్నాను.

పాట ఒకసారి అందరం వాయిస్తాం. తర్వాత ఆ పాట చట్రం మీద శ్రీకాంత్ తనకు తోచింది వాయిస్తాడు, మేం ముగ్గురం చట్రాన్ని మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండాలి. అతను తన వంతు రాగానే కళ్లు మూసుకుంటాడు. తెరిచేసరికి పాట ఎక్కడుందో అతనికి తెలియదు, అతను ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఇలాంటప్పుడు వెనకున్నవాళ్లు ఏం చేయాలి?

నువ్వు బెంగుళూరులో హోటలు బ్యాండులో వాయించావు కదా, నిన్నే అడగమంది అమ్మ. నాయనను అడగబోతే "నాకు లెక్కలు తప్ప ఏమీ రావు" అన్నాడు. నేను గిటార్ తీస్తే చాలు, ఆయన మిద్దె మీదికి పోయి ఆరేయని బట్టలు కూడా తీసుకొస్తాడు. నీకు రాసిన సంగతి ఆయనకు చెప్పకు.

నీ మేనకోడలు,
సిరి

ఆళ్లగడ్డ,
17 జూన్ 2024.

సిరీ,

చల్లగా ఉండు. నా పక్కవీధిలో శిల్పులు పొద్దున్నుంచి ఉలి కొడుతూనే ఉంటారు. ఎడమ చెవి కూడా పోతే బాగుండునని నేను ప్రార్థన చేసుకుంటున్న వేళ నీ ఉత్తరం వచ్చింది.

ముందు ఆ పిల్లగాడి సంగతి. మూడు ట్రాక్టర్లు లెక్కపెట్టినదానివి, వాళ్ల నాయన ఒప్పుకుంటాడో లేదో కూడా లెక్కపెట్టుకో. కళ్లు మూసుకుని వాయించేవాడు కళ్లు మూసుకునే కాపురం చేస్తాడు.

ఇక పాట. మీరు వాయించేది పాత అమెరికా పాటే అయితే దాని ఆకారం నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు: పల్లవి, మళ్లీ పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఒక్కొక్కటి ఎనిమిది బార్లు, మన ఆవర్తాలనుకో, బారుకు నాలుగు దెబ్బలు. మొత్తం ముప్పై రెండు బార్లు. మూడో ఎనిమిదిని మేం బ్రిడ్జి అనేవాళ్లం. స్వరాలు అక్కడ వేరే ఊరికి పోయి వస్తాయి. మునిగేవాళ్లంతా అక్కడే మునుగుతారు. మొదటి రెండు ఎనిమిదులూ ఒకటే గనుక, ఒకటి అయిందా రెండు అయ్యాయా అన్నది మరిచిపోవడం ఎంత మొనగాడికైనా సులువు.

నీ పని: ప్రతి ఎనిమిదీ మొదలయ్యే చోట, మొదటి దెబ్బ మీద, అసలు స్వరం కిందినుంచి గట్టిగా వేయి. ఎక్కడున్నాడో వాడి కాళ్లకు తెలియాలి. మధ్యలో నడువు, దెబ్బకో అడుగు. దుముకులాటలు వద్దు. దేవరాజు పని: ఎనిమిదో బారు చివర చిన్న ఉరుము, "మలుపొస్తాంది" అని చెప్పినట్టు. అంతకుముందు వాగకూడదు. చర్చి కీబోర్డు వాళ్ల జబ్బు నాకు తెలుసు, పది వేళ్లూ పడితేగానీ స్తోత్రం అయినట్టుండదు వాళ్లకు. ప్రదీప్‌కు చెప్పు: కథ చెప్పేవాడు ఒకడున్నప్పుడు మనం ఊఁ కొట్టాలి. ఊఁ ఎక్కడ కొట్టాలో తెలిసినవాడే కీబోర్డు మనిషి. సందు దొరికిన చోటల్లా ఊఁ కొట్టేవాడు తాగుబోతు.

ఇంత చేసినా పేరు వాడిదే. జనం మనల్ని చూడరు. మేం వాయిస్తుంటే జనం కట్లెట్లు తినేవాళ్లు. ఆపితే, ఫ్యాను ఆగిందేమోనని ఒకరిద్దరు తలెత్తేవాళ్లు.

చెవిటి మామ,
ఏలీయా

నంద్యాల,
2 జూలై 2024.

మామా,

నీకు వందనాలు చెప్పే ఉద్దేశం లేదు. నేను అడిగింది బ్రిడ్జి గురించి, పెళ్లి గురించి కాదు. బేస్ గిటార్ పట్టుకున్న ఆడపిల్ల సంగీతం కోసం పట్టుకుని ఉండదని మీ మగవాళ్లందరికీ ఒకేసారి ఎవరు చెప్పారో తెలియదు. పోయినవారం ప్రాక్టీసుకు వచ్చిన వీడియో మనిషి కూడా నన్ను "మేడం, మీరు పాడతారా?" అని అడిగాడు. మెడలో అంత పెద్ద గిటార్ పెట్టుకుని నేను పాడటానికి వచ్చానట.

అయినా నువ్వు చెప్పినట్టే చేశాం. ప్రదీప్ ఒక చేతిని తొడ కింద పెట్టుకుని వాయించాడు. దేవరాజు వాగడం మానేశాడు. మూడు రోజులకు పాట నిలబడింది. నాకే ఆశ్చర్యం వేసింది మామా, ముగ్గురం కలిసి నడుస్తుంటే కింద నేల గట్టిపడినట్టుంది.

శ్రీకాంత్‌కు మాత్రం ఆ నేల ఎవరు వేశారో తెలియదు. హైదరాబాద్‌లో వాయించడానికి మాకు పిలుపొచ్చిందని నిన్న చెప్పి, అందరి ముందూ అన్నాడు: "బేస్‌ది ఏముంది సిరీ, సపోర్టే గదా. హైదరాబాద్ పోయేటప్పుడు లాప్‌టాప్‌లో పెట్టేస్తాం. డ్రమ్సు గూడా దాంట్లోనే వస్తాయి." దేవరాజు నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలియాలి, శ్రీకాంత్ అన్నది అతన్ని కూడా కలిపే.

21న డాక్టర్ల సంఘం వార్షికోత్సవం, ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడే ఒక కల్యాణ మండపంలో. అప్పుడు గనుక అతను మళ్లీ దారి తప్పితే మేం ఏం చేయాలి? అతను ఉన్న చోటికి పోవాలా, మా లెక్క మీద మేం నిలబడాలా? బెంగుళూరులో నువ్వేం చేసేవాడివి? ఈసారైనా సూటిగా చెప్పు.

సిరి

ఆళ్లగడ్డ,
8 జూలై 2024.

సిరీ,

పెళ్లి మాట వెనక్కి తీసుకున్నాను. ట్రాక్టర్ల మాట తీసుకోను.

లాప్‌టాప్ పెట్టుకుంటానన్నవాడిని సాక్సోఫోన్ కూడా దాంట్లోనే పెట్టుకుని, తాను ఇంట్లో పడుకోమను. హైదరాబాద్ వాళ్లకు ఛార్జీలు మిగులుతాయి.

లెక్క మీదే ఉండు. నీ ముప్పై రెండు బార్లు నువ్వు తప్పకు. ఎవడేమైపోయినా సరే.

బెంగుళూరు సంగతులు పాతవి. ఇప్పుడెందుకు.

ఏలీయా

నంద్యాల,
23 జూలై 2024.

మామా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎవడేమైపోయినా సరే అన్నావు, వాడు అయిపోయాడు.

డాక్టర్లు బిర్యానీ దగ్గర ఉన్నారు. మొదటి రెండు పాటలు బాగానే నడిచాయి. మూడోదానిలో శ్రీకాంత్ కళ్లు మూసుకున్నాడు. మొదటి ఎనిమిది అయింది. రెండోది మొదలవగానే అతను బ్రిడ్జిలోకి దూకేశాడు, ఎనిమిది బార్లు ముందే. నాకు వెంటనే తెలిసింది. దేవరాజుకూ తెలిసింది, నా ముఖం చూశాడు. నేను ఒక్క స్వరం మార్చి ఉంటే దేవరాజు వెంటనే వచ్చేవాడు, ప్రదీప్ మా వెనక వచ్చేవాడు. నేను మార్చలేదు. తల అడ్డంగా ఊపాను. లెక్క ప్రకారం, పద్ధతి ప్రకారం, అడుగు తప్పకుండా నడిచాను. పైన అతను ఒక ఊళ్లో, కింద మేం ఒక ఊళ్లో. పదహారు బార్లు. అతని మెడ మీద నరాలు ఉబ్బడం చూశాను. నాకు సంతోషం వేసింది మామా, అబద్ధం ఎందుకు.

డాక్టర్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన వచ్చి, అన్నిటికంటే ఆ మూడో పాటే బాగుందన్నాడు. శ్రీకాంత్ మమ్మల్ని పక్కకు పిలిచి, "మీరు ముగ్గురూ దారి తప్పినారు. నేనే ఎట్లో కవర్ చేసినా. ఇంకోసారి ఇట్ల చేయొద్దు" అన్నాడు. నేను చేసిన కుట్ర కుట్ర అని కూడా ఎవరికీ తెలియలేదు.

ఒక్కరికి తప్ప. నాయన వచ్చాడు. రానన్నవాడు వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు: "ఆ పిల్లోడు మునుగుతాంటే చూస్తా ఉన్నావ్. మీ మామ చేసిందే నువ్వూ చేసినావ్ గదమ్మా."

నువ్వేం చేశావు మామా? ఎవరికి చేశావు? నాయనకు లెక్కలు తప్ప ఏమీ రాకపోతే, బ్రిడ్జి ఎక్కడ తప్పిందో ఆయనకు ఎట్లా తెలిసింది?

సిరి

ఆళ్లగడ్డ,
1 ఆగస్టు 2024.

అమ్మా సిరీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

మీ నాయన ట్రంపెట్ వాయించేవాడు. బెంగుళూరు కంటోన్మెంటులో ఒక హోటల్లో నాలుగేళ్లు నా ముందు నిలబడి వాయించాడు. నాకంటే బాగా వాయించేవాడు. ఆ మాట రాయడానికి నాకు ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

1993లో ఒక ఆదివారం మధ్యాహ్నం బొంబాయి నుంచి ఒక బ్యాండు మాస్టరు భోజనానికి వచ్చాడు. తన బ్యాండులో ఒక్క మనిషికి చోటుందని అప్పటికే మాకు తెలుసు. ట్రంపెట్ అయినా సరే, డ్రమ్ములయినా సరే. ఆ పొద్దున నేను కొత్త చొక్కా వేసుకున్నాను. మీ నాయన డేవిడ్ పాత చొక్కాలోనే వచ్చి, అందరికంటే బాగా వాయించాడు. ఆ మాస్టరు చెంచా కింద పెట్టి వినడం నేను చూశాను. అప్పుడు డేవిడ్‌కు కాస్త పొంగు వచ్చి, నీ శ్రీకాంత్ లాగే, బ్రిడ్జిలోకి ఒక ఎనిమిది ముందే పోయాడు. నేను ఒక్క రోల్, నీకు చెప్పిన ఆ ఉరుమే, కొట్టి ఉంటే బ్యాండంతా అతని దగ్గరికి వచ్చేది. అట్లాంటివి అంతకుముందు యాభైసార్లు చేసి ఉంటాను. ఆ రోజు చేయలేదు. గడియారం లాగా కొడుతూ కూర్చున్నాను. అతను నావైపు తిరిగి చూశాడు. నేను సింబల్ వైపు చూశాను.

లెక్క తప్పనిది నేనే. పాపం చేసిందీ నేనే. నీకు "ఎవడేమైపోయినా" అని రాసింది కూడా, ఇంతకాలం నాకు నేను చెప్పుకున్న మాటే. నువ్వు బెంగుళూరు అని అడిగేసరికి అదే చేతికి వచ్చింది.

బ్యాండు మాస్టరు ఇద్దరినీ తీసుకోలేదు. కట్లెట్టు బాగుందని చెప్పి పోయాడు.

ఆ నెలలోనే ఊరికి వచ్చేశాం. నేను పెళ్లిబ్యాండుల్లో వాయిస్తూనే ఉన్నాను, డేవిడ్ మళ్లీ ట్రంపెట్ పట్టలేదు. బడిలో లెక్కలు చెప్పడానికి పోయాడు. ఒక మనిషి ఊపిరి తీసి బతికి ఉండమన్నట్టయింది నాకు. రెండేళ్లు నిద్ర పట్టక, చివరికి మా చెల్లెలు సలోమిని, మీ అమ్మను, ఇచ్చి పెళ్లి చేశాను. తప్పు కొంతయినా దిద్దుకున్నాననుకున్నాను.

ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచు.

ఏలీయా

నంద్యాల,
20 ఆగస్టు 2024.

మామా,

నా దగ్గరే ఉంచుదామనే అనుకున్నాను. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి కవరు చించి అమ్మ చదివేసింది. నాలుగు వీధులకు వినపడేలా అడిగింది: "నేనేమన్నా జరిమానానా? బూర వాయించేవాని నోరు మూయించి, దానికి నష్టపరిహారం కింద నన్ను కట్టినాడా మా యన్న? ఇరవై తొమ్మిదేండ్లుగా నేను వండింది వాని ప్రాయశ్చిత్తమా?" నీకు పండక్కి చీర పెట్టే అవకాశం ఇంక లేదు, వేరే చెల్లెల్ని చూసుకో.

నాయన ఉత్తరం అడిగి తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. కోప్పడతాడనుకున్నాను. నవ్వాడు. "మీ మామ అంతే. లోకంలో ఏది ఆగినా తన చెయ్యి ఆగినందుకే ఆగిందనుకుంటాడు" అన్నాడు. అమ్మతో, "నిన్ను ఆయన ఇచ్చేదేందే, మీ ఇంటి చుట్టూ ఏడాది తిరిగింది నేను గదా" అన్నాడు. అమ్మ ఆ మాటకు చల్లబడింది కానీ ఆ సంగతి ఒప్పుకోవడం లేదు.

తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు పోయి ఆ పిల్లోనికి నోటితో చెప్పు. స్టేజి మీద చెప్పేది మాటగాదు, దెబ్బ" అన్నాడు.

పోయాను మామా. రుద్రవరం పోయి వాళ్ల వసారాలో కూర్చుని చెప్పాను: డాక్టర్ల సభలో తప్పింది నువ్వు, మేం కాదు. నీకు సాయం రాగలిగి కూడా రాలేదు, ఎందుకంటే నాకు కోపం. అరుస్తాడనుకున్నాను. సాక్సోఫోన్ పట్టీని మడతపెట్టాడు. "నాకు తెలుసు" అన్నాడు. "వాయిస్తాంటే లెక్క నిలవదు నాకు. చెన్నైలో గూడా అంతే, అందరూ నవ్వుతాండ్రి. లాప్‌టాప్ అయితే నవ్వదు గదా." గొప్పలు పోయే మనిషి గొంతులోంచి ఆ మాట రావడం వింటే నాకు ఏం చేయాలో తోచక, వాళ్లమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగాను.

మొన్న ఆదివారం కొలిమిగుండ్లలో వాళ్ల బంధువుల పెళ్లి రిసెప్షను. మళ్లీ అదే పాట, అదే తప్పు. రెండో ఎనిమిదికే బ్రిడ్జిలోకి పోయాడు. ఈసారి నేను వెంటనే బ్రిడ్జి స్వరం మీద గట్టిగా దిగాను. దేవరాజు ఒక్క ఉరుము ఉరిమాడు, ప్రదీప్ ఊఁ కొట్టాడు. బారు తిరిగేలోపల ముగ్గురం అతని కింద ఉన్నాం. అతను కళ్లు తెరిచి నావైపు చూశాడు. నేనూ చూశాను. పాట ఎనిమిది బార్లు పొట్టిదయింది, అంతే. పెళ్లికొడుకు మేనమామ ఆ సమయంలో పాయసం బాగాలేదని వంటవాడితో గొడవ పడుతున్నాడు.

కిందికి దిగాక వీడియో మనిషి అడిగితే, "అది కావాలనే కట్ చేసినాంలే" అన్నాడు శ్రీకాంత్. పూర్తిగా మారిపోయాడని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. హైదరాబాద్‌కు మాత్రం నలుగురం పోతున్నాం.

అసలు విషయం. రేపో ఎల్లుండో నాయన ఆళ్లగడ్డకు వస్తానంటున్నాడు. ఎందుకని అడిగితే "చిన్న పని" అంటున్నాడు. నీ మీద కోపం నాకు సగమే పోయింది. మిగతా సగం ఆయన దగ్గర ఎంతుందో నాకు తెలియదు. ఇంట్లోనే ఉండు.

సిరి

ఆళ్లగడ్డ,
26 ఆగస్టు 2024.

సిరీ,

వచ్చాడు. గురువారం పదిన్నర బస్సుకు దిగి, దారిలో ఇద్దరు పాత శిష్యుల చేత నమస్కారాలు పెట్టించుకుని, పదకొండుకు నా గడప ఎక్కాడు. పారిపోదామనే అనుకున్నాను. చొక్కా తొడుక్కునేలోపలే వచ్చేశాడు.

టీ ఇచ్చాను. చక్కెర ఎక్కువైందన్నాడు. ట్రంపెట్ మళ్లీ పట్టకూడదా అని అడిగాను. "ముందు పండ్లు యాడున్నాయి నాకు?" అని నోరు తెరిచి చూపించాడు. ఆ పాపం మటుకు నాది కాదని మనసులో స్తోత్రం చెప్పుకున్నాను.

తర్వాత నా ఎడమ పక్కకు జరిగి కూర్చుని చెప్పాడు. అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"తప్పింది నేను బావా. యాడ తప్పినానో నాకు తెలుసు. నువ్వు రోల్ కొట్టలేదు, అదీ తెలుసు. ఆ పొద్దు కొట్టేసేంత కోపమొచ్చింది. రెండు దినాలకు పోయింది. అందుకు మానలేదు నేను."

"మరి ఎందుకు మానినావ్?"

"రైల్లో వస్తిమి గదా ఊరికి. ఎదురెదురుగా కూర్చుంటిమి. నాలుగేండ్లు నా వెనక కూర్చుని విన్నోడివి నువ్వొక్కడివే. ఒక్క మాటన్నా అంటావనుకున్నా. తిట్టినా సరిపోయేది. గుంతకల్లు దాకా కిటికీలోకే చూస్తివి. బావే ఏమీ అనలేదంటే నాది అంతంత మాత్రమేలే అనుకుంటి. ఊరికి రాంగనే బూరను పెట్టెలో పెడితి."

ఆ రైల్లో నేను సిగ్గుతో కిటికీలోకి చూశానమ్మా. నా గొప్పకు అడ్డం రావద్దని ఒకరోజు రోల్ కొట్టలేదు, అది చిన్న పాపమేనట. నోరు తెరవకపోవడం పెద్దదట. చిన్నదాని కోసం ముప్పై ఒక్క ఏళ్లు ఏడ్చాను. పెద్దది చేసినట్టే నాకు తెలియదు.

జేబులోంచి నా ఉత్తరం తీశాడు. ఒక వాక్యం కింద ఎర్రసిరా గీత గీశాడు, పరీక్ష పేపరు దిద్దినట్టు. "ఇది సిరికి రాసినావ్. నాకు చెప్పలేదు. నోటితో అను" అన్నాడు.

అన్నాను: "నువ్వు నాకంటే బాగా వాయించేవానివి డేవిడూ."

"ఇంకోసారి."

అన్నాను.

"బొంబాయి మాస్టరు చెంచా కింద పెట్టింది నాకోసమేనా?"

"నీకోసమే."

"గట్టిగా అను."

నా చెవికి నా గొంతు ఎంత పోతుందో తెలియదు కదా. చెప్పినకొద్దీ పెంచమన్నాడు, పెంచినకొద్దీ ఇంకోసారి అన్నాడు. చివరికి ఉలి దెబ్బలు ఆగిపోయాయి. ఇద్దరు శిల్పులు, ఒంటినిండా రాతి దుమ్ముతో, తగువు తీర్చడానికి వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. "ఏందప్పా, ఏమైంది పెద్దాయనకు?" అన్నారు.

మీ నాయన కళ్లు తుడుచుకుని లేచి, వాళ్ల ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం కాలేదప్పా. మా బావ నన్ను పొగుడుతాండాడు. ఇప్పుడే మొదలుపెట్టినాడు, అడ్డం రావద్దండి."

మీ అమ్మకు చీర తీసుకుని వచ్చే ఆదివారం వస్తాను, తలుపు తీయమని చెప్పు.

ఏలీయా మామ